సోమవారం టెస్టంటే చాలు కడుపునొప్పి, రిపోర్టులన్నీ నార్మల్

ప్రశ్న (గుంటూరు): మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ బైపీసీ, డే స్కాలర్. వీక్లీ టెస్ట్ ఉన్న రోజు పొద్దున్నే బొడ్డు చుట్టూ నొప్పి, మూడుసార్లు బాత్రూమ్. పదకొండింటికల్లా మామూలే. స్కానింగ్, రక్తపరీక్ష బాగున్నాయి. ఇంట్లో అందరూ వేషాలంటున్నారు. గ్యాస్ట్రో డాక్టర్‌కి చూపించాలా?

జవాబు 1: వేషాలు కాదండీ. భయపడితే ఒంట్లో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. జీర్ణాశయం నెమ్మదిస్తుంది, పెద్దపేగు మాత్రం జోరందుకుంటుంది. అందుకే ఒకపక్క వికారం, ఇంకోపక్క విరేచనం. నొప్పి నిజమే, పుండు లేదంతే.

నిద్రలోంచి లేపే నొప్పి, బరువు తగ్గడం, మలంలో రక్తం, జ్వరం, పచ్చటి వాంతులు, కుడివైపు కిందికి జరిగే నొప్పి: వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయొద్దు. ఏవీ లేకపోతే స్కానింగ్ మీద స్కానింగ్ వద్దు. ప్రతి కొత్త పరీక్షా పిల్లలో ‘నాకేదో ఉంది’ అన్న అనుమానం పెంచుతుంది.

జవాబు 2 (విజయవాడ): అసలు చిక్కు కాలేజీ మాన్పించడంలో ఉంది. ఇంట్లో ఉంటే గంటలో నొప్పి పోతుంది, ఒళ్లు ఆ దారే మరుగుతుంది. లేటైనా సరే పంపండి. ఆ రోజు ముప్పావుగంట ముందు లేపితే బాత్రూమ్ కంగారు ఉండదు. రెండు ఇడ్లీలు చాలు. పరగడుపున కాఫీ, నొప్పి మాత్ర రెండూ వద్దు, వాటితో కడుపులో మంట రావచ్చు.

పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి, ఐదు నిమిషాలు. రోజూ రాత్రి చేయించండి. టెస్ట్ రోజే మొదలుపెడితే కంగారులో గబగబా పీల్చేస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కళ్లు తిరుగుతాయి, భయం రెట్టింపవుతుంది. ఈ వయసుకి నిద్ర 8 నుంచి 10 గంటలు కావాలి. (మన కాలేజీల స్టడీ అవర్లు చూస్తే ఈ మాట అనడానికే మొహమాటంగా ఉంది.)

ప్రశ్న అడిగినవారు: మరి ఎవరికి చూపించమంటారు?

జవాబు 1: ముందు పిల్లల డాక్టర్‌కే. రెండు వారాలైనా క్లాసులు తప్పుతుంటే, తిండి తగ్గితే జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదని ఒక్కసారన్నా సరే, ఆ రోజే వెళ్లాలి, ఒంటరిగా వదలకండి.

జవాబు 2: ఇంకోటి, నిద్ర లేవగానే ‘ఇవాళ నొప్పుందా?’ అని అడగొద్దమ్మా. అడిగితే ధ్యాసంతా పొట్ట మీదికే పోతుంది.