సోయా పెరుగుకు మిరప తొడిమలు: గడ్డకట్టినంత మాత్రాన పెరుగైనట్టేనా?

పిప్పిగిన్నె:
మా బాబుకు పాల ఎలర్జీ. అందుకని మూడు నెలల నుంచి ఇంట్లోనే సోయా పాలు తీసి, పచ్చిమిరపకాయల తొడిమలు వేసి తోడు పెడుతున్నాను. రాత్రి వేస్తే పొద్దున్నకి గిన్నె వంచినా కదలనంత గట్టిగా ఉంటోంది. మొన్న మా ఆడపడుచు వచ్చి, "వదినా, ఇది పెరుగు కాదు, పాచిపోయిన పాలు. వాడికి పెట్టొద్దు" అంది. అప్పట్నుంచి వాడి నోట్లో చెంచా పెట్టాలంటే చెయ్యి రావడం లేదు. తొడిమ తోడు మంచిదేనా? పాల పెరుగు ఒక్క చుక్క వేయమని మాత్రం చెప్పకండి.

తొడిమవాది:
ఆడపడుచు మాటకి అంత భయపడతారేంటండీ. నాలుగేళ్లుగా మా ఇంట్లో ఇదే తింటున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. ఆకుల మీదా కాయల మీదా లాక్టిక్ యాసిడ్ తయారుచేసే బాక్టీరియా సహజంగానే ఉంటుంది. తోడు పొడులు అమ్మేవాళ్లు పుట్టకముందే లోకంలో పెరుగు ఉంది. తోడుకుందా, పుల్లగా ఉందా, అంతే.

కొలతగరిటె:
"తోడుకుందా" అన్న దగ్గరే ఉంది చిక్కంతా. పాల పెరుగు చూసిన కళ్లతో సోయాని చూస్తున్నాం. ఆవు పాలు గట్టిగా తోడుకునేసరికి పీహెచ్ (పులుపు కొలత, పులుపు పెరిగే కొద్దీ ఈ అంకె తగ్గుతుంది) 4.6 దరిదాపుల్లో ఉంటుంది, అంటే చాలినంత పులిసినట్టే. సోయా ప్రొటీన్‌కి అంత పులుపు అక్కర్లేదు. పీహెచ్ 6 కన్నా కాస్త దిగితే చాలు, గడ్డకట్టడం మొదలవుతుంది. అసలు బాక్టీరియానే అక్కర్లేదు, నిమ్మరసం పిండినా విరుగుతుంది. టోఫు (సోయా పనీర్) చేసేది అలాగేగా. కాబట్టి గిన్నె వంచితే కదల్లేదన్నది దేనికీ సాక్ష్యం కాదు.

పాలు మరిగించాం కదా అంటారు. బాసిల్లస్ జాతి బాక్టీరియా స్పోర్లు (విత్తనాల్లా నిద్రాణంగా ఉండే గట్టి రూపాలు) మరిగినా చావవు. పైగా తొడిమ వేసేది మరిగించి చల్లార్చాక. దాని మీద మంచి బాక్టీరియా ఉన్నట్టే మట్టి బాక్టీరియా, ఈస్టు కూడా ఉంటాయి. మంచివి ముందు పెరిగి పీహెచ్ దించితే మిగతావి అణిగిపోతాయి. పీహెచ్ 4.6 కిందికి పోతే బాట్యులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషం తెచ్చే బాక్టీరియా పెరగలేదు. మంచివి ఆలస్యం చేస్తే? గోరువెచ్చటి ప్రొటీన్ నీళ్లు రాత్రంతా ఎవరికి దొరికితే వాళ్లవి.

తొడిమవాది:
నాలుగేళ్ల అనుభవం కన్నా మీ పీహెచ్ కాగితం గొప్పదా?

కొలతగరిటె:
నాలుగేళ్లు మీ ఇంట్లో బాగుంది, సంతోషం. ఆ తొడిమల మీద ఏమున్నాయో మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఆవిడ తొడిమల సంగతి అసలే తెలీదు. పైగా తినేది చిన్నపిల్లాడు.

చెంచాడుపెరుగు:
ఇంత రాద్ధాంతం ఎందుకు? లీటరు పాలకు 20 గ్రాముల పాల పెరుగు వేస్తే 2 శాతం. దాన్నే తోడుగా వాడుతూ పోతే రెండో విడతకి 0.04 శాతం. నాలుగో విడతకి పాలన్నది పేరుకే.

పిప్పిగిన్నె:
అండీ, మొదటి పోస్టు చదివారా? మా వాడికి పడనిది పాలలోని ప్రొటీనే. పేరుకి ఉన్నా చాలు, ఒంటి మీద దద్దుర్లు వచ్చేస్తాయి.

చెంచాడుపెరుగు:
క్షమించండి. వీగన్ల (పాలతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ తిననివాళ్ల) సంగతి అనుకుని రాశాను. అయినా వాళ్లలోనూ ఒక్క చెంచా కూడా తప్పే అనేవాళ్లున్నారు, మొదటి గిన్నెకి పర్లేదనేవాళ్లున్నారు. మీ లెక్క వేరు, ఒప్పుకుంటాను.

నురగపొంగు:
అందరూ తోడు గురించే కొట్టుకుంటున్నారు, పాలు ఎలా తీస్తున్నారని ఒక్కరూ అడగరేం? సోయా పాలు మరగక ముందే నురగతో ఉవ్వెత్తున లేస్తాయి. చాలామంది అదే పొంగు అనుకుని దించేస్తారు. అది ఉత్త నురగ, అసలు మరుగు ఇంకా రాలేదు. నురగ తీసేసి, నిజంగా మరిగాక సన్న సెగ మీద కనీసం పది పదిహేను నిమిషాలు ఉంచాలి. పచ్చి సోయాలో ప్రొటీన్ అరగనివ్వని ట్రిప్సిన్ నిరోధకాలుంటాయి, అవి తగ్గేది అప్పుడే. పిల్లాడికి కడుపునొప్పి వస్తే తొడిమని తిట్టుకుంటారు, దోషం పొయ్యి దగ్గరది.

ఎండు గింజలు 100 గ్రాములకి నీళ్లు 700 మిల్లీలీటర్లు మించితే నాకు పెరుగు పలచన. నానిన గింజల్ని బాగా మరిగే నీళ్లతో రుబ్బితే పచ్చివాసన తగ్గుతుంది, ఆ వాసన పుట్టించే ఎంజైము వేడికి చచ్చిపోతుంది కాబట్టి. చల్లనీళ్లతో రుబ్బాక ఎంత కాచినా ఆ వాసన పూర్తిగా పోదు. (పిప్పి పారేయకండి. మీ పేరే పిప్పిగిన్నె కాబట్టి చెప్పక్కర్లేదనుకోండి.)

కొత్తగాచేరా:
ఒక సందేహం. సోయాలో లాక్టోజే (పాలలో ఉండే చక్కెర) లేదుగా, మరి పెరుగు బాక్టీరియా ఏం తిని బతుకుతుంది?

కొలతగరిటె:
మంచి ప్రశ్న. సోయాలో సుక్రోజ్ ఉంటుంది, మన పంచదారే. పెరుగు తోడులో మామూలుగా ఉండే రెండింట్లో స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ దాన్ని తింటుంది. రెండోది బల్గారికస్, దానికి సాధారణంగా సుక్రోజ్ అచ్చిరాదు. అందుకే సోయాలో అదే తోడుని తిప్పితిప్పి వాడితే జోడీ చెదిరి రుచి మారుతుంది. ఇంకా రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. సోయా తింటే కడుపు ఉబ్బేది వాటివల్లే. మొక్కల మీద ఉండే లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ రకాలు కొన్ని వాటిని కూడా తినగలవు.

తొడిమవాది:
ఆగండాగండి. మొక్కల మీద ఉండేవి అన్నారుగా! అదే మా తొడిమ గొప్ప. ఇంతసేపూ తిట్టి ఇప్పుడు ఒప్పుకున్నారు.

కొలతగరిటె:
ఆ రకం మీ తొడిమ మీద ఉంటే గొప్పే, కాదనను. ఉందని ఎవరు చెప్పాలి?

నురగపొంగు:
ప్రోబయోటిక్ (మంచి బాక్టీరియా ఉండే) గొట్టం మాత్ర విప్పి వేయమనేవాళ్లు కూడా వస్తారు చూడండి. లేబుల్ మీద లాక్టోబాసిల్లస్ ఉందో లేదో చూసుకోవాలి. కొన్నింట్లో ఉండేది సాక్కరోమైసిస్ బౌలార్డీ, అది ఈస్టు, దాంతో పెరుగు తోడుకోదు. పాల ఎలర్జీ అయితే పాల పదార్థం లేదని రాసుందో లేదో కూడా చూడాలి, పాల పదార్థాలతో పెంచిన పొడి తోడులు కూడా ఉంటాయి.

పిప్పిగిన్నె:
మూడు రోజుల తర్వాత వచ్చాను. పీహెచ్ కాగితాలు తెచ్చాను. తొడిమలతో రాత్రి పదింటికి పెట్టి, పొద్దున్న ఆరింటికి చూస్తే గట్టిగా ఉంది, కాగితం మాత్రం 5 దాటి చూపించింది. మూడు నెలలుగా నేను ఫ్రిజ్‌లో పెట్టేది సరిగ్గా ఆ టైముకే. ఇంకో ఐదు గంటలు వెచ్చగా ఉంచితే 4.5కి దిగింది. రెండో గిన్నెకు పాలు లేని తోడు పొడి వేశాను, 42 డిగ్రీల దగ్గర ఏడు గంటల్లో 4.4.

తొడిమవాది:
చూశారా, తొడిమ కూడా దిగింది!

కొలతగరిటె:
దిగింది, పదమూడు గంటలకి. ఆ మధ్యలో ఏమేం పెరిగాయో కాగితం చెప్పదు. పింక్ మచ్చ, తీగలు సాగే జిగట, అమ్మోనియా ఘాటు కనిపిస్తే రుచి కూడా చూడకుండా పారబోయండి. అవేవీ లేకపోతే బాగున్నట్టే అని మాత్రం కాదు.

పిప్పిగిన్నె:
వాడికి పొడి తోడుదే పెడుతున్నాను. తొడిమ గిన్నె మా ఆయన తింటున్నారు, ఆయన రుచి బాగుందంటున్నారు. కొత్త తలనొప్పి ఏంటంటే, సరిగ్గా పులిసిన పెరుగు మా వాడు తినడం లేదు, పుల్లగా ఉందట. పీహెచ్ పెరగకుండా పులుపు తెలియకుండా చేసే ఉపాయం ఉంటే చెప్పండి.

నురగపొంగు:
పెట్టేముందు పండిన అరటిపండు మెదిపి కలపండి. తోడు పెట్టే ముందు కాదు.