కర్త లేని వాక్యం తప్పు వాక్యమా?

తులసికోట:
మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. వేసవి సెలవుల గురించి ఐదు వాక్యాలు రాయమన్నారు. మొదటి వాక్యంగా ‘ఈ సెలవుల్లో అమ్మమ్మ ఊరికి వెళ్ళలేదు’ అని రాసింది. ఉపాధ్యాయురాలు దాని పక్కన ఎర్ర సిరాతో ‘కర్త ఏది?’ అని రాసి అర మార్కు తగ్గించారు. ఇంట్లో మనమెవరమూ ప్రతి మాటకూ ముందు ‘నేను’ తగిలించి మాట్లాడము కదా. కర్త లేకపోతే తెలుగు వాక్యం అసంపూర్ణమవుతుందా? తెలిసినవారు చెప్పగలరు.

పాతపలక:
అమ్మా, మీ అమ్మాయి తప్పేమీ రాయలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు పాఠం చెప్పినవాడిగా ఈ మాట అంటున్నాను. ‘వెళ్ళాను’ అంటే నేను, ‘వెళ్ళావు’ అంటే నువ్వు, ‘వెళ్ళాడు’ అంటే అతను; క్రియ చివర ఉన్న ప్రత్యయమే కర్తను పట్టిస్తున్నప్పుడు, మళ్ళీ సర్వనామం పెట్టడం చేతికి కడియం ఉండగా దాని మీద ఇంకొకటి తొడగడం వంటిది. ఇది కొత్తగా వచ్చిన వెసులుబాటు కాదు. పాణిని అష్టాధ్యాయి ఒకటో అధ్యాయం నాలుగో పాదంలోని 105వ సూత్రంలో ‘స్థానిన్యపి’ అనే మాట చేర్చాడు. ‘నీవు’ అనే పదం వాక్యంలో పైకి కనిపించకపోయినా ఉన్నట్టే లెక్కించి మధ్యమ పురుష ప్రత్యయం వాడాలని దాని భావం. కనిపించని పదాన్ని అధ్యాహారం చేసుకోవడం, అంటే మనసులో పూరించుకోవడం, చదువరి పని.

దస్తావేజు:
పాతపలక గారూ, మీరు సమాధానం చెప్పినది ‘వెళ్ళాను’ గురించి; అమ్మాయి రాసినది ‘వెళ్ళలేదు’. నేను వెళ్ళలేదు, నువ్వు వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు, ఆవు మేతకు వెళ్ళలేదు. అన్నిటికీ ఒకటే రూపం. ఇందులో మీ ప్రత్యయం ఎక్కడ ఉంది? చేతికి కడియమే లేనప్పుడు రెండో కడియం ప్రసక్తి ఏమిటి?

రెండోఆట:
ఈ దెబ్బతో అర మార్కు పోయినట్టే.

పాతపలక:
తొందరపడకండి. ‘లేను, లేవు, లేడు, లేదు, లేరు’ అని ఆ ధాతువుకు పురుష భేదం నిక్షేపంగా ఉంది. ‘వెళ్ళలేదు’లో ‘లేదు’ అన్నది వెళ్ళడం అనే పనిని ఉద్దేశించినది, మనిషిని కాదు. వెళ్ళడం జరగలేదు అని తాత్పర్యం. కాబట్టి క్రియ తన పని తాను చేస్తూనే ఉంది.

దస్తావేజు:
వెళ్ళడమే కర్త అయితే, ‘నేను వెళ్ళలేదు’లోని ‘నేను’ ఎవరు? పైగా ‘వెళ్ళలేడు’ అంటే వెళ్ళే శక్తి లేదని మరో అర్థం వస్తుంది, అక్కడ ప్రత్యయం మారుతుంది. ‘ఆమె వెళ్ళలేదు’ అంటే వెళ్ళలేదా, వెళ్ళే ఓపిక లేదా అన్నది కూడా తేలదు. ఒక ‘లేదు’లో ఇన్ని చిక్కులు పెట్టుకుని, ప్రత్యయం అన్నీ చెబుతుందనడం న్యాయం కాదు. ‘వెళ్ళాలి’, ‘వెళ్ళవచ్చు’, ‘వెళ్ళకూడదు’, ‘వద్దు’ సంగతి కూడా ఇంతే.

కొచ్చిలోఉంటాను:
మీరిద్దరూ ప్రత్యయం దగ్గరే ఆగిపోయారు. నేను పన్నెండేళ్ళుగా మలయాళీల మధ్య ఉంటున్నాను. వాళ్ళకు ‘నేను పోయి, నువ్వు పోయి, వాడు పోయి’ అన్నట్టు అందరికీ ఒకటే క్రియారూపం. అయినా కర్తను హాయిగా వదిలేస్తారు. జపనీస్, చైనీస్ భాషల్లోనూ క్రియ మీద పురుష ప్రత్యయం లేదు, కర్త లోపం మాత్రం అడుగడుగునా ఉంటుంది. క్రియారూపాలు సమృద్ధిగా ఉన్న ఇటాలియన్ కర్తను వదలగలదు, ఉచ్చారణలో చాలా రూపాలు కలిసిపోయిన ఫ్రెంచి వదలలేదు అన్న లెక్క యూరప్ భాషల వరకు బాగానే కుదిరింది గానీ, 1984లో భాషాశాస్త్రవేత్త జేమ్స్ హువాంగ్ చైనీస్ ఉదాహరణలు ముందుకు తెచ్చేసరికి అది సరిపోలేదు. అక్కడ ప్రత్యయం కాదు, అప్పటిదాకా ఎవరి గురించి మాట్లాడుతున్నామన్న ప్రస్తావనే కర్తను నిలబెడుతుంది. ఇంకొక మాట. ప్రపంచ భాషా నిర్మాణాల అట్లాసు కోసం మాథ్యూ డ్రయర్ పరిశీలించిన 711 భాషల్లో కర్త స్థానంలో సర్వనామం తప్పనిసరిగా ఉండవలసినవి 82 మాత్రమే. మన పిల్లలకు బడిలో ఆ 82లో ఒకటైన ఇంగ్లీషును కొలబద్దగా చూపిస్తున్నాము.

వంటింటికిటికీ:
కొత్త కోడలిగా వచ్చినప్పుడు పెద్ద మరిదిని ‘నువ్వు’ అనాలో ‘మీరు’ అనాలో తేలక ఆరు నెలలు ‘భోజనం అయిందా’, ‘ఊరి నుంచి ఎప్పుడు రావడం’ అంటూ నెట్టుకొచ్చాను. కర్త లేకపోవడమే కాదు, ప్రత్యయం కూడా లేకపోవడం వల్లే నా మర్యాద దక్కింది.

పాతపలక:
కొచ్చివారు నా మాటనే మరో దారిలో చెప్పారు. నా అసలు బాధ ఏమిటంటే, ఈ ‘కర్త పెట్టండి’ అనే రోగం పత్రికలకూ పాకింది. నా బాల్యం గురించి రాసిన వ్యాసం ఒక పత్రికకు పంపితే, అచ్చయ్యేసరికి పద్నాలుగు చోట్ల ‘నేను’ వచ్చి కూర్చుంది. నేను లేచాను, నేను కాలవకు పోయాను, నేను ఈత కొట్టాను. చదివిన మా వియ్యంకుడు ‘మీకు మీ మీద చాలా అభిమానమండీ’ అన్నాడు. అంతకంటే ఘోరం ఇంకొకటి. ‘తమ్ముడు మర్నాడు వస్తానని చెప్పాడు’ అని నేను రాస్తే, ఎవరు వస్తారో స్పష్టంగా లేదని ‘తమ్ముడు మర్నాడు అతను వస్తాడని చెప్పాడు’ అని దిద్దారు. వచ్చేవాడు తమ్ముడు కాస్తా ఎవరో మూడో మనిషి అయిపోయాడు. తెలుగులో ‘తాను వస్తానన్నాడు’ అంటాము. కర్త ప్రథమ పురుషలో, క్రియ ఉత్తమ పురుషలో ఉంటాయి. ఈ పొందిక తెలియనివారు కర్తను పూరించబోతే ఇలాగే మనుషులు మారిపోతారు. దస్తావేజు గారికి కాగితాలతో సాహచర్యం ఎక్కువ కనుక భాష కూడా ముద్ర వేసిన కాగితంలా ఉండాలని కోరుకుంటున్నారు. ఆయనది వ్యాకరణం కాదు, వ్యాజ్యం.

దస్తావేజు:
అవునండీ, వ్యాజ్యమే. మీరే అన్నారు కనుక చెబుతాను. మా తాతగారు పోయాక మా నాన్న, పెదనాన్న మధ్య పెద్దమనుషులు రాయించిన పంపకాల కాగితంలో ఒక వాక్యం ఉంది: ‘తూర్పు బావి నీళ్ళు తోడుకోవచ్చును, గట్టు మీది దారిని మూయకూడదు.’ ఎవరు తోడుకోవచ్చు? ఎవరు మూయకూడదు? రాసిన రోజున అరుగు మీద కూర్చున్న ఏడుగురికీ తెలుసు. ఆ ఏడుగురూ పోయారు. పదకొండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగాము; వరి చేను రెండు పంటలు ఎండింది. నేను ఈ వృత్తిలోకి వచ్చినది అందుకే. నా కాగితంలో ప్రతి వాక్యానికీ ‘సదరు ఒకటో నంబరు పార్టీ’ అని వస్తుంది, చదివితే విసుగు పుడుతుంది, నాకు తెలుసు. కానీ అరుగు మీద లేనివాడు కూడా దాన్ని చదవగలడు. ‘అధ్యాహారం చదువరి పని’ అని మీరు సులువుగా అన్నారు. ఆ చదువరి మీ వియ్యంకుడైతే చేసుకుంటాడు. ముక్కూ మొహమూ తెలియని మున్సిఫు ఎలా చేసుకుంటాడు?

పాతపలక:
మీ ఇంట జరిగినదానికి విచారిస్తున్నాను. వ్యాజ్యం అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఏడో తరగతి పిల్ల రాసినది పంపకాల కాగితం కాదు. తన సెలవుల గురించి, తనను ఎరిగిన ఉపాధ్యాయురాలికి రాసింది. మీరు పరాయివాడి కోసం రాయమంటున్నారు, నేను ఎదుటివాడితో మాట్లాడినట్టు రాయనివ్వమంటున్నాను. మొదటి రోజే ఇలా అనుకుని ఉంటే ‘లేదు’ మీద ఇంత పోట్లాట ఉండేది కాదేమో.

దస్తావేజు:
‘లేదు’ మీద నా మాట నెగ్గింది, అది మాత్రం మరవకండి.

కరీంనగరం:
మా వైపు ‘రాలే’ అంటాము, దానికీ పురుష భేదం లేదు. ‘వస్తలేడు’ అన్నప్పుడు మాత్రం ఉంటుంది. ఇంతకీ నాకొక అనుమానం. ‘అమ్మమ్మ ఊరికి వెళ్ళలేదు’ అంటే అమ్మమ్మ గారి ఊరికి అమ్మాయి వెళ్ళలేదా, లేక అమ్మమ్మే తన ఊరికి వెళ్ళలేదా?

రెండోఆట:
ఇన్ని రోజులూ ఇది ఎవరికీ తోచలేదు.

తులసికోట:
కరీంనగరం గారి ప్రశ్న చూసి అమ్మాయిని అడిగాను. వెళ్ళనిది అమ్మమ్మేనట. పుస్తకం మళ్ళీ తీసి చూస్తే రెండో వాక్యం ‘మాతోనే ఉండి రోజూ అష్టాచెమ్మా ఆడింది’ అని ఉంది. మోకాలి శస్త్రచికిత్స తరువాత మా అమ్మ రెండు నెలలు మా ఇంట్లోనే ఉన్నారు. ఆ సెలవుల్లో అమ్మాయి కూడా ఊరికి వెళ్ళలేదు కనుక నాకు వేరే అర్థం తట్టనే లేదు. ఎర్ర సిరా చూసిన కోపంలో రెండో వాక్యం దాకా పోలేదు.

దస్తావేజు:
అయితే కర్త వాక్యం మొదట్లోనే ఉన్నది. ‘అమ్మమ్మ తన ఊరికి’ అని ఒక్క మాట రాసి ఉంటే తల్లీ, ఉపాధ్యాయురాలూ ఇద్దరూ పొరబడేవారు కాదు. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే.

పాతపలక:
కర్తను పెట్టినా మనమందరం లేదనే చదివాము. కర్త పెడితే అన్నీ తేటతెల్లమవుతాయన్న మీ వాదం ఇక్కడే వీగిపోయింది. తేల్చినది రెండో వాక్యం, దానిలో కర్త లేనే లేదు.

దస్తావేజు:
ఏది ఏమైనా ఆ అర మార్కు తిరిగి వేయాలి.

పాతపలక:
ఒప్పుకుంటాను. ఎవరు వేయాలో మాత్రం తమరు రాయలేదు.