పాండోరా తెరిచింది పెట్టెనా, బాననా?

పాతపుస్తకం: పత్రికలో మళ్లీ "పాండోరా పెట్టె తెరుచుకుంది" అని శీర్షిక! గ్రీకు పురాణంలో తొలి స్త్రీ పాండోరా మూత తీస్తే లోపలి కష్టాలన్నీ లోకం మీద పడ్డాయని కథ. క్రీ.పూ. 700 ప్రాంతంలో ఆ కథ చెప్పిన గ్రీకు కవి హెసియడ్ వాడిన మాట పిథోస్. నూనె, ధాన్యం, ద్రాక్షసారా నిలవచేసే పెద్ద మట్టి బాన. మనిషి ఎత్తువి కూడా దొరికాయి. 1508లో డచ్ పండితుడు ఎరాస్మస్ లాటిన్‌లో ఈ కథ చెబుతూ పిక్సిస్ అన్నాడు. అంటే చిన్న డబ్బీ. అప్పట్నుంచీ పెట్టె.

గట్టుమీద: పెట్టెయినా బానయినా లోపలున్నవి కష్టాలేగా. వదిలెయ్యండి.

పాతపుస్తకం: వదలను. నా అనువాదంలో "బాన" అని రాస్తే ప్రచురణకర్త చెప్పాపెట్టకుండా "పెట్టె" చేశాడు. అచ్చయ్యాక చూసుకున్నా. మూడు రోజులు నిద్ర లేదు.

చిన్ని: బాన అంటే మా పిల్లలకు తెలీదు సార్.

రేవతి: మీరంతా మూత దగ్గరే ఆగిపోయారు. పేరు చూడండి. పాన్ అంటే అన్నీ, డోరా అంటే కానుకలు. దేవతలందరూ కానుకలిచ్చారు కాబట్టి ఆ పేరంటాడు హెసియడ్. కానీ బ్రిటిష్ మ్యూజియంలో క్రీ.పూ. 460 నాటి గిన్నె ఒకటుంది. దానిమీది బొమ్మలో దేవతలు ఎథీనా, హెఫైస్టస్ ఆమెను ముస్తాబు చేస్తుంటారు. రాసిన పేరు అనెసిడోరా, కానుకలు పైకి పంపేది. పాండోరా అని నేలతల్లినీ పిలిచేవారు, అన్నీ ఇచ్చేదని. ఇచ్చే తల్లి కొంప ముంచినదెలా అయింది?

పాతపుస్తకం: ఒక్క గిన్నె చూసి అంత కథ అల్లకండి. నేనడిగింది పెట్టె సంగతి.

రేవతి: సరే, పెట్టే అనుకోండి. కుతూహలం ఆగక తెరిచిందని బళ్లో చెప్పారు. హెసియడ్‌లో ఆ మాటే లేదు, మూత తీసింది, అంతే. పెళ్లయిన కొత్తలో బీరువా తెరిచానని అత్తింట్లో నన్ను పాండోరా అన్నారు. తాళంచెవి ఇచ్చి చీర తెమ్మన్నది అత్తగారే!

పాతపుస్తకం: అమ్మా, దానికీ పిథోస్‌కీ ఏమిటి సంబంధం?

రేవతి: అమ్మా అని తీసెయ్యకండి. మీ ఒక్క మాట మారిస్తే మూడు రోజులు నిద్రపట్టలేదు. పాండోరా అనే మనిషినే మార్చేశారు, దాని ఊసెత్తరు.

గట్టుమీద: మరి కష్టాలన్నీ బయటపడ్డాక బాన అడుగున ఎల్పిస్ ఒక్కటే మిగిలిందంటారే, ఆ గ్రీకు మాటకు అర్థం ఆశేనా?

పాతపుస్తకం: ఆశే అనక్కర్లేదు. మంచికో చెడుకో ఎదురుచూడటం కూడా ఎల్పిసే. రేవతి గారూ, తొందరపడ్డాను. ఆ గిన్నె ఫొటో ఉంటే పెట్టండి.

రేవతి: పెట్టాను.

పాతపుస్తకం: చూశాను. ఇందులో బాన లేదే!