‘బయూ’ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
అమెరికాలోని లూసియానాలో జరిగే ‘బెలిజేర్ ద కేజన్’ (1986) లాంటి సినిమాకి తెలుగు సబ్‌టైటిళ్లు రాయాలంటే మొదట తగిలే ముడి ‘బయూ’, అంటే అక్కడి మందకొడి నీటిదారి. చిత్తడి అందామా, వాగు అందామా? వరుసకి 35–40 అక్షరాలే పడతాయి, కింద వివరణ ఇచ్చే వీల్లేదు.

జవాబు 1:
చిత్తడి వద్దండీ. చిత్తడి నేల, బయూ నీటిదారి. దాని మీద పడవ నడవాలి, గట్టున ఊరుండాలి. వాగూ నప్పదు. వాగు వానకి ఉరుకుతుంది, ఎండల్లో ఇసుక తేలుతుంది. బయూ నేల వాలు లేక కదిలీ కదలనట్టుంటుంది. సముద్రం దగ్గరైతే పోటుకి నీరు వెనక్కి ఎక్కి, పాటుకి దిగుతుంది. మన కొల్లేటి ఉప్పుటేరు గుర్తొస్తుంది గానీ, ఆ మాట వాడితే ఎగువనున్న మంచినీటి బయూలన్నీ ఉప్పగా మారిపోతాయి.

నా ఓటు ‘పాయ’కి. బయూ లఫూర్ష్ ఒకప్పుడు మిసిసిపీకి పాయే. ‘లా ఫూర్ష్’ అంటే ఫ్రెంచిలో పంగ. 1900ల మొదట్లో డొనాల్డ్‌సన్‌విల్ దగ్గర అడ్డకట్ట వేసి దాన్ని నది నుంచి తెంచేశారు.

జవాబు 2:
అన్ని బయూలూ పాయలు కావు మాస్టారూ. మూలం అక్కడి ఆదివాసులైన చోక్టా వారి ‘బయుక్’, అంటే చిన్న ఏరు. (బయూ, పాయ చెవికి దగ్గరగా ఉన్నాయని చుట్టరికం కలపకండి!) బయూ టేష్ వంటి పేర్లలో బయూని అలాగే ఉంచి, విడిగా వచ్చినచోట ‘ఏరు’ అంటే చాలు. ఇక అక్కడివాళ్లు ‘డౌన్ ద బయూ’ అంటే దిక్కు చెబుతున్నట్టు. ‘బయూ కిందికి’ అని రాస్తే నవ్వుతారు. ‘దిగువ ఊళ్లో’ అనండి, అసలు మాటే అక్కర్లేదు.

ఇక సినిమా పేరులోని మాట ‘కేజన్’, ‘కాజున్’ కాదు. అకాడియన్ అరిగి కాడియన్, ఆపైన కేజన్ అయింది. కేజన్లంటే ఇప్పటి కెనడాలోని అకాడియా నుంచి 1755 మొదలుకొని బ్రిటిష్‌వారు వెళ్లగొట్టిన ఫ్రెంచి జనం. కాబట్టి ‘వలస వచ్చాం’ అని రాయకండి, ‘తరిమేస్తే వచ్చాం’ అనాలి. ఈ కథలో 1859లో వాళ్లని మళ్లీ ఊరు వదలమంటారు. ‘వలస’ అంటే ఆ మంట చల్లారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
బాగుంది. మరి షేర్, పీరోగ్, ట్రెటర్?

జవాబు 1:
ముద్దుగా పిలిచే ‘షేర్’ని వాళ్లు ‘షా’ అని పలుకుతారు. దాన్ని ‘ప్రియా’ చేసి చంపకండి. ఆడపిల్లకి ‘అమ్మా’, కుర్రాడికి ‘నాన్నా’ సరిపోతాయి. పీరోగ్‌కి ‘దోనె’ అచ్చంగా అతుకుతుంది. మొదట్లో సైప్రస్ మాను తొలిచి చేసేవారు, మన తాటిదోనె లాగే. లోతు లేని నీళ్లలోనూ గడతో తోసుకుపోవచ్చు. ‘నావ’ అంటే మరీ పెద్దదైపోతుంది.

జవాబు 2:
కష్టమంతా ట్రెటర్‌తోనే. ప్రార్థనతో రోగం నయం చేసేవాడు ట్రెటర్. సినిమాలో బెలిజేర్ చేసే పని అదే. ‘నాటువైద్యుడు’ అంటే ప్రార్థన ఎగిరిపోతుంది, ‘మంత్రగాడు’ అంటే చేతబడి వచ్చి కూర్చుంటుంది. వీళ్లు క్యాథలిక్కులు కాబట్టి ‘ప్రార్థన వైద్యుడు’ అనడం మేలు. ఇంకొకటి: ట్రెటర్‌కి కృతజ్ఞత చెప్పకూడదని ఆచారం. రోగి మాట్లాడకుండా లేచి వెళ్లిపోతే, మర్యాద కోసం అక్కడ ‘ధన్యవాదాలు’ ఇరికించకండి. ఆ వరుస ఖాళీగానే వదిలేయండి.