నార్త్‌ఈస్ట్‌ను ఎక్కడ విరవాలి?

ప్రశ్న: పిల్లలకు సిలబుల్స్ చెబుతున్నప్పుడు నార్-తీస్ట్ అని విరవాలా, నార్త్-ఈస్ట్ అనా?

— నార్త్-ఈస్ట్. రెండే సిలబుల్స్. రెండు మాటలు అతికిన చోటే విరుపు. పంక్తి చివర హైఫన్ పెట్టాల్సి వచ్చినా అక్కడే. నార్త్‌ఈస్టర్న్‌కు మూడు: నార్త్-ఈస్ట్-అర్న్.

— విరుపు సరే, పలికేటప్పుడు మాత్రం ఇంగ్లిషువాళ్లూ కలిపేస్తారండీ. కాబట్టి మన సంధి తప్పేమీ కాదు. అసలు చిక్కు రెండు చోట్ల. ఒకటి, నార్త్ చివరిది మన త కాదు. నాలుక కొన పళ్ల మధ్య ఉంచి గాలి ఊదుతూ, ఊపిరి ఆపకుండా ‘ఈ’లోకి వెళ్లాలి. రెండోది, ఈస్ట్‌ను మనం ‘యీస్ట్’ అంటాం. వినేవాళ్లకు అది రొట్టెల పిండిలో వేసే యీస్టే!

— సౌత్‌వెస్ట్‌లో ఇంకో మెలిక ఉంది. థ్ అయ్యాక నాలుక లోపలికి లాగి పెదాలు గుండ్రంగా చుట్టాలి. పై పళ్లు కింది పెదవిని తాకితే డబ్ల్యూ కాస్తా వీ అయిపోతుంది.

— ఊనిక సంగతి ఎవరూ ఎత్తలేదే! విడిగా అంటే రెండో ముక్క మీద: గాలి సౌత్‌‘వెస్ట్’ నుంచి వీస్తోంది. వెనక నామవాచకం వస్తే మొదటి ముక్కకు జరుగుతుంది: ‘సౌత్’‌వెస్ట్ మాన్‌సూన్. మనవాళ్లు రెండు ముక్కలనూ సమానంగా నొక్కుతారు, అందుకే రెండు విడి మాటల్లా వినిపిస్తుంది.

— నార్త్‌కు ‘అర్న్’, ‘అర్లీ’ చేరితే థ నాదం పుంజుకుని ద వైపు జరుగుతుంది: నార్దర్న్, నార్దర్లీ. సౌత్‌కైతే అచ్చు కూడా మారుతుంది: సదర్న్, సదర్లీ. (రైల్వే పుణ్యమా అని సదరన్ మనకు ముందే అలవాటు.) సౌత్‌వర్డ్‌లో మాత్రం ఏ మార్పూ లేదు.

— అయితే నార్త్‌ఈస్టర్న్‌లో కూడా ద వస్తుందా?

— రాదండీ. అక్కడ ‘అర్న్’ చేరింది ఈస్ట్‌కు, నార్త్‌కు కాదు. థ థగానే ఉంటుంది.

— ఓడవాళ్లు థను ఏకంగా మింగేస్తారు. సౌవెస్టర్ అంటే నైరుతి గాలి, వాన టోపీ కూడా. దిక్సూచిలో 157.5 డిగ్రీల దిక్కు సౌత్-సౌత్‌ఈస్ట్. దాన్ని వాళ్లు ‘సౌ-సౌ-ఈస్ట్’ అంటారు. థ పోయినా సిలబుల్స్ మూడే.