గ్రాంటు రాలేదు, అప్పీలు చేస్తే ఉపయోగం ఉందా?

మాది తోలుబొమ్మలాట బృందం, ఆరుగురం. కేంద్రం గ్రాంటుకి పెట్టిన దరఖాస్తు ఈసారి కొట్టేశారు, కారణం ఒక్క ముక్క: "సిఫారసు చేయలేదు". మేకతోలు గీకి, ఆరబెట్టి, కొత్తగా రంగులేసిన బొమ్మలు పెట్టెలోనే ఉన్నాయి, నాన్నకి టెన్షన్‌తో నిద్ర లేదు. ఏం చేయాలి?

జవాబు 1: అప్పీలుకి వీలుందో లేదో, గడువెంతో గ్రాంటు మార్గదర్శకాల్లో చూడండి. ఈలోపు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, ఫీజు 10 రూపాయలే. మీకు వేసిన మార్కులు, కమిటీ మినిట్స్ (సమావేశంలో ఏం తేల్చారో రాసుకున్న కాగితం), ఫైల్ నోటింగ్స్ (ఫైల్లో అధికారులు రాసిన వ్యాఖ్యలు) అని విడివిడిగా కాపీలు అడగాలి, ఊరికే "ఎందుకివ్వలేదు" అంటే అది సమాచారం కిందకి రాదని తిప్పి పంపేస్తారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆపై 30 రోజుల్లోగా అక్కడే పై అధికారికి మొదటి అప్పీలు.

జవాబు 2: అన్నా, మా బుర్రకథ దళానికీ ఇదే జరిగింది. తీరా కాగితాలొచ్చాక చూస్తే పాత గ్రాంటు ఖర్చుల సర్టిఫికెట్ మీద సీఏ సంతకమే లేదు! కోపంగా రాసుకున్న మూడు పేజీల ఉత్తరం చించేశా.

జవాబు 3: "మా కళ గొప్పది" అని మాత్రం రాయకండి, కమిటీ అభిరుచితో వాదన తెగదు. వాళ్లు చూడని కాగితం, తప్పిన నిబంధన ఏదైనా ఉంటే దాన్నే పట్టుకోండి.

అడిగినవారు: సంతకం సంగతి ఇప్పుడే చూస్తా. పొద్దున్నే ఆ 10 రూపాయల ఫీజుకి పోస్టల్ ఆర్డర్ కొంటాను.