హార్ముజ్ జలసంధిపై ఇరాన్ పట్టు ఎక్కడిది?

ప్రశ్న (అమలాపురం నుంచి): మా కోనసీమ ఊళ్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు ఎందరో ఉన్నారు; కరెంటు పోతే రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లకు డీజిలే దిక్కు. అందుకే ఆందోళనతో అడుగుతున్నాను. గల్ఫ్ నుంచి బయటి సముద్రానికి ఓడలు పోయే ఏకైక దారి అయిన హార్ముజ్‌లో, ఇరుకైన చోట ఆ దారి ఒమన్ జలాల్లోనే ఉన్నప్పుడు, ఇరాన్ మాటకు అంత బరువెందుకు?

జవాబు (రాజోలు): దారి ఒమన్ వైపున్నా ఉత్తరపు ఒడ్డంతా ఇరాన్‌దే. అత్యంత ఇరుకైన చోట జలసంధి వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. రాకకూ పోకకూ కేటాయించిన దారులు ఒక్కొక్కటి 4 కిలోమీటర్లకు లోపే. ఇరాన్‌కు చెందిన బందర్ అబ్బాస్ రేవు, కెష్మ్, లారక్ దీవులు దగ్గరలోనే ఉన్నాయి. 1971లో ఇరాన్ స్వాధీనం చేసుకున్న అబూ మూసా, తుంబ్ దీవులు (యూఏఈ నేటికీ తమవే అంటోంది) పడమటి మార్గానికి ఆనుకొని ఉన్నాయి. ఇక్కడ నౌకాయుద్ధం గెలవనక్కరలేదు: నీటిలో మందుపాతరలున్నాయన్న అనుమానం చాలు, బీమా ఖర్చు పెరిగి ఓడల యజమానులు వెనుకాడతారు. 1988 ఏప్రిల్‌లో గల్ఫ్‌లో ఒక్క ఇరాన్ మందుపాతర అమెరికా యుద్ధనౌక శామ్యూల్ బి. రాబర్ట్స్‌ను దాదాపు ముంచినంత పని చేసింది.

జవాబు (భీమవరం): ఈ పట్టుకు హద్దులూ ఉన్నాయి. ఖార్గ్ దీవి నుంచి ఇరాన్ సొంత చమురు కూడా ఈ దారినే పోవాలి. జలసంధిని తప్పించి చమురు పంపడానికి సౌదీకి ఎర్ర సముద్రపు రేవు యాన్బు వరకు, యూఏఈకి జలసంధి బయటి రేవు ఫుజైరా వరకు పైపులైన్లున్నాయి. అయితే 2024లో ఈ జలసంధి గుండా రోజుకు సుమారు 2 కోట్ల పీపాల చమురు సాగింది. ఆ పైపులైన్లు అంత మోయలేవు. ఖతర్ ద్రవీకృత గ్యాసు ఓడలకు వేరే సముద్రమార్గమే లేదు.

జవాబు (నరసాపురం): ఓడల్లో పనిచేసేవారినీ తలచుకోవాలి. 2024 ఏప్రిల్‌లో ఇరాన్ పట్టుకున్న ఎంఎస్‌సీ ఏరీస్ ఓడలోని 25 మందిలో 17 మంది భారతీయులే.